చెక్క గరిటె నా చేతికి వచ్చినప్పుడల్లా

పోయిన నెలాఖరున ఇక్కడ ఐర్లండ్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో, మా ఆఫీసులో పనిచేసే ఒక అన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. భక్తితో వెళ్ళావా, పులిహోర కోసం వెళ్ళావా అని అడగకండి. దేనికోసం వెళ్ళినా చెప్పులు విడిచేది ఒకే గుమ్మం ముందు. హాల్లో కూర్చునే చోటు దొరక్క ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళితే, అక్కడ ఆ అన్న కూతురు, పదిహేనేళ్ళ పిల్ల, పట్టులంగా మీద చిరుగుల నల్లకోటు తొడుక్కుని, ఆ కోటు నిండా పిన్నీసులు గుచ్చుకుని, బల్ల మీద ఫోను పెట్టి పాట వింటోంది. లంగా అమ్మ మాట, కోటు తన మాట, ఉదయం నుంచీ జరిగిన గొడవకు అది రాజీ అని తర్వాత తెలిసింది.

ఆ పాటలో మొదటి నాలుగు దెబ్బలు చెవిన పడేసరికి పులిహోరలోని పల్లీ నా గొంతులో అడ్డం పడింది. ఆ పిల్లకు మన తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం చక్కటి ఐరిష్ యాసలో ఇంగ్లిషులోనే ఇస్తుంది కనుక, ఆమె మాటలు తెలుగు చేసి రాస్తున్నాను.

"ఈ డ్రమ్స్ విను అంకుల్. పదేళ్ళ కిందటి టేపు, క్లాండాల్కిన్ బ్యాండు. అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయి, డ్రమ్స్ దగ్గర మాత్రం ఖాళీ. ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. చచ్చిపోయుంటాడు అంటున్నారు."

"అయ్యో పాపం," అన్నాను.

నా చావుకు నేను అంతకన్నా ఎక్కువ సంతాపం ప్రకటించలేకపోయాను. ఆ డ్రమ్స్ వాయించింది నేనే.

ముప్పై అయిదేళ్ళకే జ్ఞాపకాలేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వండి. మీలో ఒక సూట్‌కేసులో బట్టలూ, ఇంకో సూట్‌కేసులో ప్రెషర్ కుక్కరూ ఆవకాయా పెట్టుకుని ఈ ఊళ్ళో చదువుకోవడానికి దిగినవాళ్ళుంటే మాత్రం నవ్వరు. ఇక్కడి మొదటి చలికాలం దాటడమంటేనే ఒక ముసలితనం దాటినట్టని మీకు తెలుసు. అప్పట్లో మేము క్లాండాల్కిన్‌లో ఉండేవాళ్ళం. లీజు కాగితం మీద ముగ్గురం, పరుపుల మీద ఆరుగురం. అందరం మన వైపు వాళ్ళమే, అందరం మాస్టర్స్ చదువుతున్నవాళ్ళమే, అందరికీ వంట చేయడం వచ్చునని ఇంటికి ఫోను చేసి చెప్పినవాళ్ళమే. నిజానికి నాకు వచ్చింది బియ్యం కడగడం. కడుగుతూ కడుగుతూ గిన్నె మీదా, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే ఆ వంటింటి అల్మరా తలుపు మీదా గరిటెతో తీన్మార్ వేయడం కూడా వచ్చు. హనుమకొండలో మా గల్లీ వినాయకుడి నిమజ్జనానికి ఏడేళ్ళు వరసగా తాషా వాయించినవాణ్ణి, చేతులు ఊరుకోవు.

ఒక ఆదివారం పొద్దున అలా అల్మరా మీద నేను ఊరేగింపు నడుపుతుంటే ఎవరో తలుపు కొట్టారు. ఇంటి ఓనరే తలలు లెక్కపెట్టడానికి వచ్చాడనుకుని, లీజులో లేని ముగ్గురూ బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నారు, లీజులో ఉన్న ఇద్దరు అలవాటు కొద్దీ వాళ్ళ వెనకే పరిగెత్తి లోపల చోటు లేక మెట్ల మీద నిలబడిపోయారు. తలుపు తీస్తే పక్కింటావిడ. యాభై దాటి ఉంటాయి, తల ఒకవైపు గొరిగించుకుని, రెండోవైపు వెంట్రుకలకు ఊదారంగు వేసుకుంది. ఆ వాయించేది ఎవరు అని అడిగింది. మెట్ల మీది ఇద్దరూ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నన్ను చూపించారు. స్నేహం విలువ అప్పుడే తెలిసింది. తర్వాత ఆమె అన్నది, తమ డ్రమ్మరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడని, ఇంకో గంటలో రిహార్సల్ ఉందని, షూస్ వేసుకుని రమ్మని.

ఆ రిహార్సల్ పారిశ్రామికవాడలో, టైల్స్ గోదాం వెనక ఉన్న ఒక రేకుల షెడ్డులో. పాడేది ఆ పక్కింటావిడ. పగలు ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని. గిటారు వాయించేది ఆమె భర్త. బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి, ఎప్పుడూ పిండి వాసన వేసేవాడు, వారానికి నాలుగు మాటలు మాట్లాడేవాడు. బేస్ వాయించేది లైబ్రరీలో పనిచేసే అమ్మాయి. పాటల్లో ప్రభుత్వాన్ని కూలదోసి, పాట అయ్యాక ఎవరైనా కుర్చీ ఎత్తకుండా చప్పుడయ్యేలా లాగితే నొచ్చుకునేది. నాలుగోవాణ్ణి నేను.

వాళ్ళు తమను అరాచకవాదులమని చెప్పుకునేవారు. మన పేపర్లలో ఆ మాట బస్సు అద్దాలు పగిలినప్పుడు రాస్తారు కనుక నేను మొదటిరోజు పాస్‌పోర్టు కాపీ జేబులో పెట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే నా జీవితంలో అంత క్రమశిక్షణ ఉన్న మనుషుల్ని, మా హాస్టల్ వార్డెన్‌తో సహా, చూడలేదు. కప్పులు ఎవరు కడగాలో గోడ మీద పట్టిక, నేల ఎవరు ఊడవాలో ఇంకో పట్టిక. ఒకరి మీద ఒకరి పెత్తనం ఉండకూడదన్నది వాళ్ళ నమ్మకం కాబట్టి నాయకుడు లేడు, ఓటు లేదు. ఏ నిర్ణయమైనా నలుగురూ ఒప్పుకుంటేనే జరగాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి. మాట్లాడే వంతు కోసం ఒక చెక్క గరిటె ఉండేది. అది ఆ పక్కింటావిడ తల్లిది. చిన్నప్పుడు దాంతోనే ఈమెకు దెబ్బలు పడేవట. తల్లి పోయాక దాన్ని తెచ్చి, ఇకనుంచి ఇది ఎవరి చేతిలో ఉంటే మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి అని నియమం పెట్టింది. కొట్టిన గరిటెకు ఇంతకన్నా మంచి శిక్ష ఎవరూ వేయలేరు.

నాకు వచ్చిన మొదటి చిక్కు ఆమెను పేరు పెట్టి పిలవడం. మా అమ్మ వయసు మనిషిని పేరుతో పిలవాలంటే నా నాలుక లేవదు. ఎక్కువ తక్కువలు ఉండకూడదని నమ్మేవాళ్ళ మధ్య ఇది పెద్ద సమస్యే కనుక గరిటె తిప్పి నలభై నిమిషాలు చర్చించారు. చివరికి మా దేశంలో బస్సులో పక్కసీటు ఆవిణ్ణి కూడా ఆంటీ అంటామని తెలిశాక, అది పెత్తనం కిందికి రాదని నలుగురం ఒప్పుకున్నాం. అలా ఆమె ఆంటీ అయింది. భర్తను నేను మూడు నెలల పాటు సర్ అన్నాను. ఆయన ప్రతిసారీ వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు.

రెండో చిక్కు నాకే తప్ప ఎవరికీ తెలియదు. గరిటె నా చేతికి వచ్చినప్పుడల్లా నేను గ్రాండ్ అని పక్కవాళ్ళకు అందించేసేవాణ్ణి. ఇక్కడ గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు, సరే, పరవాలేదు, కానివ్వండి అని. పెద్దవాళ్ళ ముందు సరే అనడమే మర్యాద అని పెరిగినవాణ్ణి. మన ఇళ్ళల్లో సరే అన్నాక అసలు ఆలోచన మొదలవుతుంది. వాళ్ళ లెక్కలో మాత్రం సరే అంటే సరే. నా ఒక్కో గ్రాండ్‌నూ వాళ్ళు నోటుపుస్తకంలో, ఇతను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు అని రాసుకునేవారు.

ఇంత వేళాకోళం చేస్తున్నాను గానీ ఆ సంగీతం గురించి రాయబోతే చెయ్యి కాస్త ఆగుతోంది. పాటకు రెండు నిమిషాలు, మూడంటే మూడు గిటారు వరసలు. అద్దె ఇళ్ళ ఓనర్ల మీద ఒకటి, మంత్రుల మీద ఒకటి, గార్డులు అని ఇక్కడ పిలిచే పోలీసుల మీద రెండు. ఆ గార్డుల పాట గొంతు చించుకుని సాధన చేసి బయటికొస్తే వీధి మలుపులో నిజం గార్డు కనబడ్డాడు, నేను గుడ్ మార్నింగ్ సర్ అన్నాను. లైబ్రరీ అమ్మాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ షెడ్డులో ఆంటీ నోరు తెరిచి మొదటి కేక వేసి, గిటారు దాని మీద పడి, నేను మా గల్లీ తీన్మార్‌ను రెండింతల వేగంతో దాని కింద పరిచినప్పుడు రేకులన్నీ కలిసి మోగేవి. తొలిసారి అలా వాయించిన రోజున పాట ఆగిపోయింది, ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు, తప్పు వాయించానేమోనని నేను సారీ చెప్పాను. బేకరీ ఆయన తన వారపు నాలుగు మాటల్లో రెండు ఖర్చుపెట్టి, "మళ్ళీ వాయించు," అన్నాడు. క్లాసులో వెనక బెంచీలో, ఇంట్లో ఆరో పరుపు మీద, ఊళ్ళో బస్సు తప్పిపోయిన స్టాపులో ఉండే నేను ఆ రెండు నిమిషాల పాటు మాత్రం ఎక్కడున్నానో కచ్చితంగా తెలిసినవాడిలా ఉండేవాణ్ణి.

ఆంటీ నాకు మొదటి నెలలోనే ఒక సంగతి చెప్పింది. ఆ షెడ్డులో టీ తప్ప ఇంకేదీ దొరకదెందుకని నేను అడిగినప్పుడు, తాను తొమ్మిదేళ్ళుగా చుక్క ముట్టలేదని, అంతకుముందు సంగతులు తనకే సరిగా గుర్తులేవని, తాగి ఉన్న రోజుల్లో వీధిలో జనం తనతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా, జాలిగా మాట్లాడేవారని, అది దెబ్బల కన్నా ఎక్కువ తగిలేదని చెప్పింది. నేను తల ఊపి గ్రాండ్ అన్నాను.

ఇక పెదనాన్న గురించి చెప్పాలి. మా నాన్నకు అన్న. వరంగల్‌లో డాక్టరు చదివి, కిల్కెన్నీలో పెద్దాసుపత్రిలో చాలా ఏళ్ళుగా పనిచేస్తూ ఉండేవారు. నన్ను ఐర్లండ్ పంపమని నాన్నను ఒప్పించింది ఆయనే, విమానం దిగిన రోజు చలికోటు తెచ్చి తొడిగింది ఆయనే. కోప్పడడం చేతకాని మనిషి. అలాంటివాళ్ళంటేనే నాకు భయం, ఎందుకంటే వాళ్ళు కోప్పడరు, నమ్ముతారు. ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఫోను చేస్తే నేను ఎత్తకపోవడానికి కారణం గ్రూప్ ప్రాజెక్టు అని చెప్పేవాణ్ణి. అది పూర్తి అబద్ధమేం కాదు. గ్రూపు ఉంది, ప్రాజెక్టూ ఉంది. టేపు రికార్డు చేస్తున్నాం.

అలాంటి రోజుల్లో గరిటె ఒకసారి తిరిగింది. కిల్కెన్నీలో నది పక్క హాల్లో శనివారం మధ్యాహ్నం మన పాటలు, నీకేమైనా అభ్యంతరమా? ఒక్కరు కాదంటే ఆగిపోయే పద్ధతి అది. నా చేతిలో గరిటె ఉంది, నా బుర్రలో పెదనాన్న ఇల్లుంది, ఆ ఊరు ఎంత చిన్నదో నాకు తెలుసు. నేను గ్రాండ్ అన్నాను. పుస్తకంలో రాసుకున్నారు.

ఆ శనివారం రొట్టెల వ్యానులో వెళ్ళాం. హాలు ముందు నేను పెద్ద డ్రమ్మును కడుపుకు హత్తుకుని దించుతుంటే వెనకనుంచి, "అరేయ్, నువ్వేందిరా ఈడ? ఇయాల గ్రూప్ స్టడీ అన్నవ్ గద?" అని వినిపించింది. పెదనాన్న, చేతిలో కూరగాయల సంచి. పక్కన పెద్దమ్మ, చేతిలో కొత్తిమీర. ఊరు చిన్నదని నేను ముందే అన్నాను.

"సామాన్లు మోసే పని పెదనాన్నా. పార్ట్‌టైం," అన్నాను.

"ఎవలు వీళ్ళు?"

"ఏమో. నాకు తెల్వదు."

అక్కడితో ఆగి ఉంటే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు. కానీ అప్పటికే ఆంటీ మా వైపు వస్తోంది, నా బంధువులని పోల్చుకుని ముఖమంతా వెలిగించుకుని వస్తోంది, చెయ్యి ముందుకు చాపి, ఇతను మా డ్రమ్మరు, ఇలాంటి డ్రమ్మరు మాకు దొరకడం మా అదృష్టం అని ఇంగ్లిషులో చెబుతోంది. పెదనాన్న నా వైపు చూశారు. ఆ చూపుకూ నా జవాబుకూ మధ్య ఒక రెప్పపాటు కూడా లేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంత చురుగ్గా నేను పరీక్షల్లో ఎన్నడూ జవాబు రాయలేదు. ఆమె ముందే, ఆమెకు తెలియని మన భాషలో, నవ్వు ముఖంతోనే అన్నాను:

"ఆమె మాటలు పట్టించుకోకుండ్రి పెదనాన్నా. తాగి ఉన్నది. మతి గూడ సక్కగ లేదంట. ఎవర్ని చూసినా మా డ్రమ్మర్ అంటది."

ఇంకొకరైతే విదిలించుకుని వెళ్ళిపోయేవారు. పెదనాన్న డాక్టరు, మంచివాడు. ఆంటీ చాపిన చేతిని రెండు చేతులతో అందుకుని, మెల్లగా తిప్పి, మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూశారు. ఆసుపత్రి గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా, ఈ ఉదయం ఏమైనా తిన్నారా అమ్మా, మీ వెంట ఇంటివాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. పెద్దమ్మ సంచిలోంచి అరటిపండు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆంటీకి తెలుగు ఒక్క ముక్క రాదు; రావలసిన అవసరమూ లేకపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ నెమ్మది, మళ్ళీ ఆ జాలి. అరటిపండు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఐ యామ్ గ్రాండ్, డాక్టర్," అన్నది. ఆ మాటను ఆమె కూడా నాలాగే వాడగలదని అప్పుడే తెలిసింది.

"పనైతే తర్వాత జేస్తవ్ గని, అన్నం తిని పో," అన్నారు పెదనాన్న. డ్రమ్మును పేవ్‌మెంటు మీద దించి నేను ఆయన కారెక్కాను. నన్నెవరూ లాక్కెళ్ళలేదు, సీటు బెల్టు నేనే పెట్టుకున్నాను. రెండుంబావుకు మొదటి పాట మొదలవ్వాలి. రెండుంబావుకు పెద్దమ్మ నా కంచంలో రెండోసారి మాంసం కూర వేసింది. గరిటె అంటే భయపడే నేను ఆ గరిటెను మాత్రం వద్దనలేదు. కూర బాగుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది బాగుండిందని గుర్తుండడమే అన్నిటికన్నా సిగ్గు.

తర్వాతి ఆదివారం షెడ్డుకు వెళ్ళాను. నన్ను తిడతారని ఎదురుచూశాను, తిడితే బాగుండును అనుకున్నాను. పెత్తనం చేయకూడదన్న నియమం వల్ల ఎవరూ తిట్టలేదు. డ్రమ్స్ లేకుండానే అయిదు పాటలు పాడారట, జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారట. టీ పోసుకున్నాక ఆంటీ గరిటె తీసి, ఒకే ప్రశ్న అడిగి నా చేతిలో పెట్టింది: ఆ డాక్టరుకు నా గురించి ఏం చెప్పావు?

ముగ్గురూ నోరు మూసుకుని ఎదురుచూశారు. నియమం అది. టైల్స్ గోదాంలో ఎవరో లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది. "ఏం లేదు. గ్రాండ్," అని గరిటెను పక్కకు అందించాను.

టేపు అట్ట అచ్చుకు వెళ్ళే ముందు నా పేరు ఎలా రాయాలని అడిగారు. పేరు వద్దన్నాను. వీసా, నాన్న, పెదనాన్న, అన్నీ కలిపి ఏదో గొణిగాను. వాయించినవాడి పేరు లేకపోవడం వాళ్ళ పద్ధతికి పూర్తిగా విరుద్ధం. ఇంకో పేరు కల్పించడం అబద్ధం. గంటసేపు గరిటె తిరిగింది. చివరికి డ్రమ్స్ అని రాసి, దాని పక్కన చోటు ఖాళీగా వదిలేయడానికి ఒప్పుకున్నారు. ఎప్పుడైనా వచ్చి రాసుకుంటాడు, అన్నాడు బేకరీ ఆయన. ఆ వారానికి ఆయన మాటలు అయిపోయాయి.

ఆ తర్వాత చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, బ్లాంచర్డ్స్‌టౌన్‌కు మారాను. క్లాండాల్కిన్ ఇక్కడికి కారులో ఇరవై నిమిషాలు. పదేళ్ళుగా అది నాకు చాలా దూరం అని చెప్పుకుంటూ వచ్చాను. మరిచిపోదామంటే పెదనాన్న మరవనివ్వలేదు. ఆయన రోగుల్ని మరిచే రకం కాదు. ప్రతి దీపావళికీ ఫోనులో, అందరి క్షేమాలూ అయ్యాక, గొంతు తగ్గించి, "పాపం ఆమె ఎట్లున్నదిరా, ఆ కిల్కెన్నీల జూసినామె?" అని అడిగేవారు. బాగానే ఉందట అనేవాణ్ణి. ఒక ఏడు అడిగితే, విసుగొచ్చి, పూర్తిగా నయమైపోయిందట అన్నాను. లేని జబ్బు నయం చేసిన వైద్యుణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు మళ్ళీ ఆ వంటింట్లోకి రండి. పాట ఇంకా మోగుతూనే ఉంది. నేను నా మరణానికి సంతాపం తెలిపి ప్లేటు ఖాళీ చేసే పనిలో ఉండగా పెదనాన్న లోపలికి వచ్చారు. ఈమధ్యే రిటైరై, పెద్దమ్మతో సహా బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనే కూతురింట్లో ఉంటున్నారు. మంచినీళ్ళు అడగబోయి ఆగి, ఫోను వైపు తల వంచి విన్నారు. వేళ్ళు వాటంతట అవే బల్ల మీద దరువు వేశాయి.

"ఇది మన తీన్మారే గదరా," అన్నారు. "మన హనుమకొండ దెబ్బ. ఎవలు వీళ్ళు?"

"క్లాండాల్కిన్ బ్యాండు," అని ఆ పిల్ల ఫోను తిప్పి ఫొటో చూపించింది. ఊదారంగు జుట్టు.

పెదనాన్న కళ్ళజోడు సర్దుకున్నారు. "అరె. ఈమె ఆమె గదా. ఆ తాగుడు... పాపం. ఇంత బాగ పాడుతుండెనా?"

ఎవలు వీళ్ళు అని ఆయన పదేళ్ళలో రెండోసారి అడిగారు. నాకు ఇంకోసారి నాకు తెల్వదు అనే అవకాశం అంత సులువుగా, పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చింది. గొప్ప ధైర్యం వచ్చి చెప్పాననుకోకండి. ఆ పిల్ల నన్ను చూస్తోంది, తన కోటుకున్న పిన్నీసులన్నీ నన్నే చూస్తున్నట్టున్నాయి. అంతే.

"ఆమె తాగలేదు పెదనాన్నా. అప్పటికే తొమ్మిదేళ్ళ సంది ముట్టలేదు. మతికి గూడ ఏం గాలేదు. నేనే అబద్ధం చెప్పిన. ఆ డ్రమ్మర్‌ను నేనే."

ఆ పిల్ల ఐరిష్ యాసలో ఒక మాట అన్నది, వ్రతం జరిగిన ఇంట్లో అనదగినది కాదు. పెదనాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అంటే... ఆమె మంచిగనే ఉండెనా?" అన్నారు.

"మంచిగనే ఉండె."

"మరి నేను నాడి పట్టి చూస్తిని గదరా! నడిబజార్ల! పొద్దున ఏమన్న తిన్నవా తల్లీ అని అడుగుతిని!"

గుమ్మంలో పెద్దమ్మ, ఎప్పుడొచ్చిందో, అన్నీ విన్నది. "ఆమెకు బాగుగావాలని నేను మొక్కుకున్న గద," అన్నది. "నువ్వు నయమైంది అన్నంక మొక్కు గూడ తీర్చిన. కొబ్బరికాయ గొట్టిన."

నన్ను తిట్టలేదు. మళ్ళీ అదే. పెదనాన్న ముఖం మాత్రం నేను ఎన్నడూ చూడని రంగులోకి మారింది. ఆయన సిగ్గుపడుతున్నారు, నా బదులు. "ఆమెకు నేను మాఫీ చెప్పాలె," అన్నారు. "నువ్వు చెప్తవో లేదో నీ ఇష్టం."

ఆ పిల్లకు ఇవన్నీ అవసరం లేదు. టేపును ఫోనుల్లోకి ఎక్కించింది ఆ బ్యాండువాళ్ళేనట, వాళ్ళకు రాయడానికి చోటు ఉందట. రాయనా అని నన్ను అడిగి, నేను గ్రాండ్ అనబోతే, "సరిగ్గా చెప్పు అంకుల్, అవునా కాదా?" అని నిలదీసి, అవును అనిపించుకుని రాసింది: మీ డ్రమ్మరు చచ్చిపోలేదు. మా వంటింట్లో పులిహోర తింటున్నాడు. సిగ్గుపడుతున్నాడు. ఒక డాక్టరుగారు కూడా సిగ్గుపడుతున్నారు, ఆయన తప్పేం లేదు.

పదేళ్ళ నా మౌనాన్ని ఆ పిల్ల నాలుగు ముక్కల్లో పెట్టింది. ఇక ఎదురుచూపు. పెదనాన్న రోజూ పొద్దున ఫోను చేసి, పరీక్ష ఫలితాల కోసం అడిగినట్టు, జవాబొచ్చిందా అని అడిగేవారు. ఆరో రోజున వచ్చింది. ఆ పిల్ల నాకు చదివి వినిపించింది:

"డ్రమ్మరుకు చెప్పు, గరిటె ఇంకా అతని చేతిలోనే ఉంది. డాక్టరుగారికి చెప్పు, ఆ రోజు నేను తినే వచ్చాను. ఆదివారం పదకొండింటికి, అదే షెడ్డు."

ఈ ఆదివారమే. పెదనాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని పెట్టుకున్నారు. పెద్దమ్మ మాంసం కూర వండి తెస్తానంటోంది, ఆ కూరే వద్దని ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. ఆ పిల్ల అట్ట మీది ఖాళీ పూరించడానికి పెన్ను తెస్తానంది. గరిటె చేతికి వచ్చాక నేనేం చెప్పాలో రాసి చూసుకుందామని కూర్చుని, ఇదిగో, మీకు ఇంత రాశాను. ఆమెకు చెప్పవలసిన మొదటి వాక్యం మాత్రం ఇంకా కుదరలేదు.

ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ రోజుల్లో వారం వారం మంత్రుల్నీ, ఓనర్లనీ, గార్డుల్నీ రెండేసి నిమిషాల్లో కూలదోసి, చేతిలో కూరగాయల సంచి ఉన్న ఒక మంచి మనిషికి భయపడ్డాను. ఇప్పుడు భయపెట్టేవాళ్ళెవరూ లేరు. వీసా గొడవ తీరింది, లీజు మీద నా ఒక్కడి పేరే ఉంది, తలుపు ఎవరు కొట్టినా బాత్‌రూమ్‌లో దూరవలసినవాళ్ళు లేరు. ఆ ఆరుగురిలో ఎవరి ఇల్లు ఎక్కడో వాళ్ళ పిల్లల పుట్టినరోజు ఫొటోల్లో చూసి తెలుసుకుంటున్నాను. నన్ను చూసి అంకుల్ అనే పిల్లలు పెరిగారు, నాకు ఆంటీ అనదగినవాళ్ళు తగ్గిపోయారు. వాయించడం అసలు వస్తుందో లేదో చూద్దామని నిన్న పొద్దున బియ్యం కడుగుతూ గిన్నె మీదా, అల్మరా తలుపు మీదా గరిటెతో కొట్టి చూశాను. చేతులు మెత్తబడ్డాయి గానీ మరిచిపోలేదు. కాసేపటికి పాత వేగం అందుకున్నాయి, గిన్నెలో నీళ్ళు ఎగిరిపడ్డాయి. గోడ అవతలివాళ్ళు టీవీ శబ్దం కాస్త పెంచారు. నేను ఇంకొంచెం గట్టిగా వాయించి, ఆపి, చెవి ఒగ్గి విన్నాను. తలుపు మాత్రం ఎవరూ కొట్టలేదు.